ఒకే మాటలో బావమరిది, తిట్టు: స్పానిష్‌లో గర్వానికీ బంధుప్రీతికీ వాడే వాడుక మాటలు

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

స్పానిష్ నేర్చుకునేవాళ్ళకి చుట్టాల పేర్లు మొదటి నెలలోనే చెప్పేస్తారు. పాద్రే అంటే నాన్న, తీయో అంటే బాబాయో మామయ్యో, కున్యాదో అంటే బావో బావమరిదో. అక్కడిదాకా ఇబ్బంది లేదు. తర్వాత ఎప్పుడో మాద్రిద్ కుర్రాడొకడు స్నేహితుడితో "కె కున్యాదో ఏరెస్" అనడం వింటాం. మాటకి మాట పెడితే "ఎంత బావమరిదివిరా నువ్వు" అని వస్తుంది. ఆ ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. అతను అన్నది తిట్టు. "అడగకుండానే అన్నిటికీ సలహా చెప్తావు, తెలిసింది గోరంత, దబాయింపు కొండంత" అని దానర్థం. సబ్‌టైటిల్స్ రాసేవాళ్ళూ, స్పానిష్ కస్టమర్లతో రోజూ మాట్లాడే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళూ బోల్తా పడేది ఇలాంటి చోట్లే.

ఈ పూట రెండు గుంపుల మాటలు చూద్దాం. అన్నీ తనకే తెలుసని విర్రవీగేవాణ్ణి అనేవి ఒక గుంపు. మనవాడు కదా అని కుర్చీ వేసే అలవాటుని అనేవి రెండో గుంపు. పాఠ్యపుస్తకాల్లో వీటిని ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి చెప్పి వదిలేస్తారు. విడదీసి నేర్చుకుంటే రెండూ సగమే అర్థమవుతాయని నా నమ్మకం. స్పానిష్ మాట్లాడేవాళ్ళ చెవికి ఈ రెండు తప్పులూ ఒకటే: తను సంపాదించుకోని పీట మీద కూర్చోవడం. ఒకడు చదవకుండా పండితుడి పీట ఎక్కాడు, ఇంకొకడు పోటీ పడకుండా ఆఫీసు కుర్చీ ఎక్కాడు. అందుకే రెండు చోట్లా ఇంట్లో మనుషులే కనిపిస్తారు. బావమరిది, అల్లుడు, నాయనమ్మ, అమ్మ గారాల కొడుకు.

ముందు కున్యాదో సంగతి. దీని మూలం లాటిన్ మాట కొగ్నాతుస్. కలిసి పుట్టినవాడు, రక్తసంబంధీకుడు అని. స్పానిష్‌లోకి వచ్చేసరికి రక్తం పోయి పెళ్ళి మిగిలింది. భార్య అన్నదమ్ములు, భర్త అన్నదమ్ములు, అక్క మొగుడు, చెల్లెలి మొగుడు, అందరూ కున్యాదోలే. బావ, బావమరిది, మరిది అని మనం పంచుకున్న చుట్టరికాలన్నీ వాళ్ళకి ఒక్క మాటలో సర్దుకుపోయాయి. భార్య అక్కచెల్లెళ్ళ మొగుడికి మాత్రం వాళ్ళూ వేరే మాట పెట్టుకున్నారు, కొంకున్యాదో. అచ్చంగా మన తోడల్లుడు. ఇంగ్లీషు మీదుగా స్పానిష్ నేర్చుకునేవాడికి ఈ మాట ఒక పట్టాన ఎక్కదు. మనకి ఒక్క క్షణంలో ఎక్కుతుంది. తెలుగు మీదుగానే నేర్చుకోండి అని నేను పోరేది ఇందుకే.

ఈ తోడల్లుడి తేడా చరిత్రలో ఒక చోట బాగా పనికొస్తుంది. స్పెయిన్ నియంత ఫ్రాంకోకి హెనెరలీసిమో అని బిరుదు. హెనెరాల్ అంటే జనరల్, చివర ఈసిమో చేరిస్తే ‘అందరికంటే మించిన’ అని. ఆయన భార్య కార్మెన్ పోలో. ఆమె చెల్లెలి భర్త రామోన్ సెర్రానో సున్యేర్. ఈయన 1938లో ఆంతరంగిక వ్యవహారాల మంత్రి అయ్యాడు, 1940 అక్టోబరు నుంచి 1942 సెప్టెంబరు దాకా విదేశాంగ మంత్రిగా చేశాడు. జనం ఈయనకి పెట్టిన పేరు కున్యదీసిమో. అక్కడ హెనెరలీసిమో, ఇక్కడ కున్యదీసిమో, బావమరుదులందరికీ మించిన బావమరిది. లెక్క ప్రకారం ఆయన ఫ్రాంకోకి కున్యాదో కాదు, కొంకున్యాదో. వెక్కిరింపుకి ఆ లెక్క అక్కర్లేదు, ప్రాస కుదిరింది చాలు. ఇంకో సంగతి కూడా గమనించాలి. సెర్రానో చదువురాని మనిషి కాదు. న్యాయవాది, స్పెయిన్ అంతర్యుద్ధానికి ముందు 1933లోనే పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. అయినా పేరు అంటుకుంది. ఆయన తెలివిని ఎవరూ తూచలేదు, ఏ గుమ్మంలోంచి లోపలికి వచ్చాడన్నదే చూశారు. బంధుప్రీతి మీద పుట్టే మాటలన్నీ ఇలాగే పనిచేస్తాయి.

అంటే అప్పట్లో బావమరిది అంటే చుట్టరికంతో పైకొచ్చినవాడు. 2010ల్లో సోషల్ మీడియా పుణ్యమా అని అదే మాటకి రెండో ముఖం వచ్చింది. డిసెంబరు 24 రాత్రి స్పెయిన్‌లో చుట్టాలంతా ఒక బల్ల చుట్టూ భోజనానికి చేరతారు. ఆ బల్ల దగ్గర కూర్చుని హామోన్, అంటే ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ, దాన్ని ఎలా కోయాలో కోస్తున్నవాడికే పాఠం చెప్పేవాడు కున్యాదో. మీరు కొత్త కారు కొన్నారంటే "ఎంత పెట్టావు? నన్నడిగితే సగానికి ఇప్పించేవాణ్ణి" అనేవాడు కున్యాదో. డాక్టరు రాసిన మందుకి తిరుగు మందు చెప్పేవాడూ అతనే. ఈ ధోరణికి కున్యదీస్మో అని పేరు. పలికేటప్పుడు స్పెయిన్‌లో చివరి ద మింగేసి కున్యావ్ అంటారు. అలా మింగి పలికితే వెక్కిరింపే, పూర్తిగా కున్యాదో అని పలికితే చాలాసార్లు నిజం చుట్టరికమే. సందర్భం చూసుకోవాలి గానీ, ఈ చిన్న గుర్తు బాగా పనికొస్తుంది.

సముద్రం దాటితే ఈ తిట్టు చెల్లదు. పెరూలో కున్యావ్ అంటే స్నేహితుణ్ణి ప్రేమగా పిలిచే పిలుపు. మన కుర్రాళ్ళు చుట్టరికం లేకపోయినా "ఏం బావా" అనుకోరూ, సరిగ్గా అలాగే. మెక్సికోలో మగవాళ్ళు ఒకరినొకరు కున్యాదో అంటే "మీ చెల్లెలి మీద కన్నుంది" అనే చిలిపి కూడా అందులో ఉండొచ్చు. ఇది మనకి విడమరిచి చెప్పక్కర్లేదు. కాబట్టి కున్యాదో అన్న మాట ఎదురైతే ముందు చూసుకోవాల్సింది మాట్లాడేవాడిది ఏ దేశం అని. స్పెయిన్ అయితే "పెద్ద తెలిసినట్టు" అని రాయండి, పెరూ అయితే "బావా" అనే రాసేయండి.

ఇక దేశం ఏదైనా చెల్లే మాట సాబెలొతోదో. సాబె అంటే తెలుసు, లో తోదో అంటే అన్నీ. మగవాడికైనా ఆడమనిషికైనా మాట మారదు, ముందు పెట్టే ఎల్, లా (ఇంగ్లీషు ‘ది’ లాంటివి) మాత్రమే మారుతుంది. అదే అర్థమున్న సాబియోందో అలా కాదు, ఆడవాళ్ళకి సాబియోందా అవుతుంది. దీన్ని హెచ్ పెట్టీ రాస్తారు, పెట్టకుండానూ రాస్తారు, రెండూ ఒప్పే. పలకడంలో హెచ్ ఎటూ వినపడదు. పాతకాలంలో చదువుకున్న ఆడవాళ్ళని దెప్పడానికే మరిసబిదీయా అనే మాట ఉండేది, మరియా పేరుకి ‘తెలిసినదాయి’ని తగిలించి. ఇప్పుడు వినపడటం తగ్గింది, తగ్గడమే మంచిది.

స్పెయిన్‌లో రోజూ వినపడేది లిస్తీయో. లీస్తో అంటే తెలివైనవాడు. చివర ఈయో చేరిస్తే మామూలుగా ‘చిన్న’ అని ముద్దు. ఇక్కడ ఆ ముద్దే ఎత్తిపొడుపు అయ్యింది. తెలివి ఉందనుకుంటున్నాడు గానీ ఉన్నది చిటికెడు అని. "పసార్సె దె లీస్తో" అంటే తెలివి హద్దు దాటింది, మన అతితెలివి. వాడే పద్ధతి ఇది: "తె అస్ పసాదో దె లీస్తో", నీ అతితెలివి నీకే ఎదురు తిరిగింది. నష్టం జరిగిపోయాక అనే మాటిది. ముందే అంటే "నో తె పాసెస్ దె లీస్తో", నా దగ్గర అతితెలివి వద్దు.

ఇక్కడ మనవాళ్ళు తరచూ చేసే తప్పు ఒకటుంది. స్పానిష్‌లో ‘ఉండు’కి సేర్, ఎస్తార్ అని రెండు క్రియలు. లీస్తోకి ముందు సేర్ వస్తే తెలివైన, ఎస్తార్ వస్తే సిద్ధంగా ఉన్న. "మి ఈహో ఎస్ లీస్తో" అంటే మా అబ్బాయి తెలివైనవాడు. "మి ఈహో ఎస్తా లీస్తో" అంటే మా అబ్బాయి తయారయ్యాడు. గుర్తుపెట్టుకోవడానికి తెలుగు సాయం చేస్తుంది. తెలుగు వాక్యం ‘వాడు’తో ముగిస్తే సేర్, ‘గా ఉన్నాడు’తో ముగిస్తే ఎస్తార్. ఇది లీస్తోకి బాగా కుదురుతుంది. అన్నిటికీ పట్టుకుపోకండి. ‘అందంగా ఉంది’ అనే వాక్యం మనకి ‘ఉంది’తోనే ముగుస్తుంది కానీ, ఒక మనిషి సహజమైన అందం చెప్పాలంటే స్పానిష్‌లో సేరే వాడాలి.

రెండో చిక్కు ‘ఊన్’, అంటే ‘ఒక’, అనే చిన్న మాట. "ఎస్ క్రెయీదో" అంటే కొంచెం గర్విష్ఠి అని స్వభావం చెప్పడం. "ఎస్ ఊన్ క్రెయీదో" అంటే మనిషి మీద ముద్ర వేయడం, "వాడొక పొగరుబోతు". ఊన్ పెడితే తిట్టు ఒక మెట్టు ఎక్కుతుంది. తోంతో (తెలివితక్కువ), వాగో (సోమరి) లాంటి మాటలకీ ఇంతే. కోపంలో ఉన్న కస్టమరు ఊన్ పెట్టాడా లేదా అన్నది చెవి పెట్టి వినాలి, సంభాషణ ఎంత వేడెక్కిందో అందులోనే తెలిసిపోతుంది.

క్రెయీదో పుట్టింది క్రెయేర్ నుంచి, అంటే నమ్మడం. తనని తాను ఏదో అని నమ్మేసినవాడు. క్రెయేర్సె పక్కన ఏదైనా పెట్టి సాగదీయొచ్చు. "సె క్రే ఎల్ ఒంబ్లీగో దెల్ ముందో", తానే లోకానికి బొడ్డు అనుకుంటాడు. లాటిన్ అమెరికాలో "సె క్రే లా ఊల్తిమా కోకాకోలా దెల్ దెసియేర్తో", ఎడారిలో మిగిలిన ఆఖరి కోకాకోలా తనే అనుకుంటాడు. స్పెయిన్‌లో దీనికి బదులు "ఈర్ దె" వాడతారు. "బా దె లీస్తో", తెలివైనవాడి వేషం వేస్తున్నాడు. ఎదుటివాడి మీదికి తిప్పితే "దె కె బాస్", ఏంటి నీ వేషాలు. ఇది జగడానికి దిగే మాట. అర్థం తెలుసుకుని ఉంచుకోండి, నోటితో మాత్రం అనకండి.

ఇప్పుడు ఈ ప్రసంగానికి నాకు ప్రాణం లాంటి మాట. ఎంగ్రెయీదో. స్పెయిన్ నిఘంటువు ప్రకారం గర్వి, పొగరుబోతు. పెరూలో మాత్రం గారాబం చేసిన బిడ్డ. "మి ఎంగ్రెయీదో" అని తల్లి అందంటే అది తిట్టు కాదు, "నా బంగారు కొండ" అని. మదర్స్ డే వస్తే లీమాలో దుకాణాల ప్రకటనల్లో "ఎంగ్రీయె అ మమా" అని కనిపిస్తుంది. అమ్మని అపురూపంగా చూసుకోండి, ఆ రోజుకి ఆమె కోరింది ఇవ్వండి అని. స్పెయిన్ నుంచి వచ్చినవాడు అది చదివి "అమ్మకి పొగరెక్కించండి" అనుకోగలడు.

ఒకే క్రియ ఒక చోట గర్వం, ఒక చోట గారం ఎలా అయ్యింది? తెలుగువాడికి దీనికి జవాబు నాలుక చివరే ఉంది. పిల్లాణ్ణి గారం చేస్తే ‘నెత్తికెక్కించుకున్నారు’ అంటాం. వాడు పెద్దయ్యాక ‘కళ్ళు నెత్తికెక్కాయి’ అంటాం. నెత్తి అదే, ఎక్కడం అదే. మధ్యలో జరిగింది పదిహేనేళ్ళ పెంపకం. ఎంగ్రెయీదో ఆ పదిహేనేళ్ళనీ ఒక్క మాటలో మడిచి పెట్టుకుంది. మెక్సికోలో ఈ గారాల బిడ్డ కొన్సెంతీదో, ఏదడిగినా సరే అనిపించుకున్నవాడు. చిలీలో రెగలోన్. స్పెయిన్‌లో మిమాదో అన్నా, "ఎల్ ఒహీతో దెరేచో దె సు మాద్రే" అన్నా ఇతనే. ఒహీతో దెరేచో అంటే చిన్ని కుడి కన్ను. పక్షపాతం చూపించే టీచరు దగ్గర ముద్దుల విద్యార్థికీ ఇదే వాడతారు. ఇంకొంచెం ఆర్ద్రంగా చెప్పాలంటే "లా నీన్యా దె సుస్ ఒహోస్". నీన్యా అంటే చిన్నపిల్ల, కంట్లో పిల్ల, అంటే కంటిపాప. మనం కూడా కంట్లో పాపనే చూశాం కదా. ఎదుటి మనిషి నల్లగుడ్డులోకి దగ్గరగా చూడండి, మీ బొమ్మే చిన్న పాపంత కనిపిస్తుంది. ఎక్కడి లాటిన్ వారసత్వం, ఎక్కడి తెలుగు! ఇలాంటి చోట అనువాదకుడు కొత్తగా ఏమీ కల్పించకూడదు, కంటిపాప అని రాసి పక్కకి తప్పుకోవాలి.

నాయనమ్మ వంతు మిగిలింది. ఎవడైనా తన గురించి తనే గొప్పలు చెప్పుకుంటే స్పెయిన్‌లో "నో త్యేనెస్ అబ్వేలా" అంటారు. నీకు నాయనమ్మ లేదన్నమాట. మనల్ని పొగిడే పని ఇంట్లో నాయనమ్మదో అమ్మమ్మదో. ఆవిడ లేదు గనక నువ్వే పొగుడుకుంటున్నావు అని. ఇది తేలికపాటి ఎత్తిపొడుపు, భోజనాల దగ్గర నవ్వుతూ అనొచ్చు. తెలుగులో "సొంత డబ్బా ఆపు" సరిపోతుంది. కానీ ఈ మధ్యే నాయనమ్మ పోయినవాళ్ళ ముందు ఈ మాట దొర్లితే బాధపెడుతుంది, జాగ్రత్త.

ఇక ఉద్యోగాల గుంపు. స్పెయిన్‌లో సిఫారసుకి మాట ఎంచూఫె. ప్లగ్గుకీ అదే మాట, అది దూరే సాకెట్టుకీ అదే మాట. "త్యేనె ఎంచూఫె", అతనికి ప్లగ్గు ఉంది, తీగ ఎక్కడో కరెంటుకి తగిలి ఉంది. అలా వచ్చినవాడు ఎంచుఫాదో, ఈ జబ్బు ఎంచుఫీస్మో. సముద్రం దాటగానే పనిముట్టు మారిపోతుంది. మెక్సికో, కొలంబియా, ఈక్వడార్, వెనెజువేలాల్లో పలాంకా, అంటే బరువు లేపే మీటకర్ర. పెరూలో బారా, కర్ర. ప్వెర్తో రీకోలో పాలా, పార. గ్వాతెమాలా, ఎల్ సాల్వదోర్‌లలో క్వేయో, మెడ. చిలీలో పితూతో. ఈ పితూతోతో ఒక చిక్కు ఉంది. చిలీలో అదే మాటకి చిల్లర పని, పక్క సంపాదన అని కూడా అర్థం. "తేంగో పితూతో" అంటే నాకు పైన మనిషి ఉన్నాడని, "తేంగో ఊన్ పితూతో" అంటే చిన్న పని దొరికిందని. మళ్ళీ ఆ ఊన్ దగ్గరే చూసుకోవాలి.

కొలంబియాలో ర్రోస్కా అంటారు. చుట్ట తిరిగిన రొట్టె, ఉంగరం ఆకారం, అంటే లోపలివాళ్ళ గుంపు. అక్కడి సామెత "లో మాలో దె లా ర్రోస్కా ఎస్ నో ఎస్తార్ ఎన్ ఏయా", ర్రోస్కాలో ఉన్న చెడు ఏంటంటే మనం అందులో లేకపోవడం. "ఎల్ కె త్యేనె పద్రీనో సె బావుతీసా" అనేది మరింత విస్తారంగా వినపడుతుంది. పద్రీనో అంటే క్రైస్తవ కుటుంబాల్లో బిడ్డ జ్ఞానస్నానానికి అండగా నిలబడే పెద్దమనిషి. అండ ఉన్నవాడికే జ్ఞానస్నానం అని సామెత. మన ‘గాడ్‌ఫాదర్ ఉండాలండీ’ అన్న మాటకి ఇదే దగ్గర.

ఉద్యోగం వచ్చాక పనిలోకే రానివాళ్ళకీ పేర్లున్నాయి. అర్జెంటీనాలో నెలాఖరుకి, 29వ తేదీన, న్యోకీ వండుకునే ఆచారం ఉంది. ఉడికించిన బంగాళాదుంప, మైదా కలిపి చేసే ఇటలీ వంటకం. జీతం అయిపోయే రోజుల్లో చవకగా కడుపు నిండే తిండి. తింటూ పళ్ళెం కింద ఒక నోటు పెడతారు, వచ్చే నెల డబ్బు నిలవాలని. ఆ 29కి మాత్రమే కనిపించి జీతం పట్టుకుపోయే ప్రభుత్వోద్యోగిని న్యోకీ అంటారు. మెక్సికోలో ఇతను అబియదోర్, విమానం నడిపేవాడు. జీతాల రోజునే దిగుతాడు. పనామాలో ఇలాంటి ఉద్యోగం బొతేయా, సీసా.

అల్లుళ్ళకి యెర్నొక్రాసియా అనే మాట ఉంది, అల్లుళ్ళ పాలన. కొడుకుల విషయంలో అందరికంటే సూటిగా మాట్లాడినవాడు మెక్సికో అధ్యక్షుడు హోసే లోపెస్ పోర్తీయో. 1976 నుంచి 1982 దాకా పదవిలో ఉన్నాడు. కొడుకుని ప్రణాళిక, బడ్జెట్ శాఖలో ఉపమంత్రి స్థాయి పదవిలో పెట్టి, విమర్శలు వస్తే "ఎల్ ఒర్గూయో దె మి నెపొతీస్మో" అన్నాడు. నా బంధుప్రీతికి గర్వకారణం అని. గర్వం, బంధుప్రీతి రెండూ ఒకే వాక్యంలో, అధ్యక్షుడి నోట.

నెపొతీస్మో అన్న మాట మేనల్లుడి నుంచి వచ్చింది, పోపులు మేనల్లుళ్ళని కార్డినల్స్, అంటే పోపు తర్వాతి స్థాయి మతాధికారులు, చేసే అలవాటు నుంచి. వలెన్సియా ప్రాంతానికి చెందిన అల్ఫోన్సో దె బోర్హా 1455లో పోపు కలీస్తో 3 అయ్యాడు. మరుసటి ఏడే మేనల్లుడు రొద్రీగోని కార్డినల్ చేశాడు. ఆ మేనల్లుడే 1492లో పోపు అలెహాంద్రో 6, ఆయన తన కొడుకు సేసర్‌ని 1493లో కార్డినల్ చేశాడు. 1692లో పోపు ఇన్నోసెంట్ 12 ఈ అలవాటుని ఒక శాసనంతో ఆపాడు. ఈ చరిత్ర ఒక ఉచ్చారణ పాఠం కూడా. డబ్బున్నవాళ్ళ కొడుకుని స్పెయిన్‌లో "ఈహో దె పపా" అంటారు, చివరి పా మీద ఊనిక. ఊనిక మొదటి పా మీద పడితే పాపా, అది పోపు. లాటిన్ అమెరికాలో బంగాళాదుంప కూడా. అయ్య చాటు కొడుకు అనబోయి దుంప కొడుకు అంటాం. సేసర్ విషయంలో మాత్రం ‘పోపు కొడుకు’ అక్షరాలా నిజం.

చట్టాల దగ్గరికొస్తే, అర్జెంటీనాలో అధ్యక్షుడు మౌరిసియో మాక్రి 2018 జనవరిలో 93వ నంబరు డిక్రీ ఇచ్చాడు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, మంత్రుల బంధువులని రెండో అంచె దాకా ప్రభుత్వంలో నియమించకూడదని. అంచెలు లెక్కపెట్టడం ఇలా. తల్లిదండ్రులు, పిల్లలు ఒకటో అంచె. తాత, మనవడు, తోబుట్టువులు రెండు. తోబుట్టువు బిడ్డ దగ్గరికి వెళ్ళాలంటే నా నుంచి అమ్మానాన్నలకి ఒకటి, అక్కడి నుంచి తోబుట్టువుకి రెండు, బిడ్డకి మూడు. ఆ లెక్కన మేనల్లుడు గీత అవతల పడ్డాడు. మేనల్లుడి పేరు మీద పుట్టిన జబ్బుకి మందు వేస్తే అది మేనల్లుడికే అందలేదు. చట్టాల అనువాదం చేసేవాళ్ళు ‘దగ్గరి బంధువులు’ అని గుండుగుత్తగా రాయకండి. అంచె రాయండి, అసలు విషయమంతా అందులోనే ఉంది.

ఇందాక ఒక అమ్మాయి చీటీ పంపింది: "స్పెయిన్‌లో ఉద్యోగంలో చేరాక ఎవరైనా ఎంచుఫాదా అంటే ఏం జవాబు చెప్పాలి?" మంచి ప్రశ్న. ముందు ఎవరితో అంటున్నారో చూడండి. మీ వెనక ఇంకొకరితో అంటే పట్టించుకోకండి. మొహం మీద అంటే, అది ప్రభుత్వోద్యోగమైతే "ఎంత్రే పోర్ ఒపొసిసియోన్" అనండి, పోటీ పరీక్ష రాసి వచ్చాను అని. స్పెయిన్‌లో ఒపొసిసియోన్ అంటే ఏళ్ళ తరబడి చదివి రాసే పరీక్ష, ఆ మాటకి అక్కడ బరువుంది. ప్రైవేటు ఉద్యోగమైతే "మందే ఎల్ కుర్రీకులుమ్, కోమో తోదో ఎల్ ముందో", అందరిలాగే నేనూ నా బయోడేటా పంపాను. గొంతు పెంచకుండా, కోమో దగ్గర కొంచెం ఆగి చెప్పండి. ఆ పైన మీ మార్కులూ ర్యాంకులూ ఏకరువు పెట్టకండి, వెంటనే నాయనమ్మ మాట వస్తుంది.